మామా, నువ్వు కడుక్కోలే కదా!



పోయిన వారం వీడియోలో యశోదమ్మ చిన్ని కృష్ణుణ్ణి స్నానానికి పిలిచే ఘట్టం చెప్పుకున్నాం. వీడియో పన్నెండు నిమిషాలు దాటితే ఎవరూ చివరిదాకా చూడరని మా ఎడిటింగ్ తమ్ముడు గొడవ పెట్టాడు, అందుకని సగం కోసేశాం. నిజానికి నేను చెప్పాలనుకున్నది ఆ కోసేసిన సగంలోనే ఉంది. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. అదే ఇక్కడ రాస్తున్నాను.

మీలో చాలామందికి ఇంకా పెళ్లి కాలేదు. నాకూ కాలేదు. "పిల్లలకు మంచి అలవాట్లు నేర్పడం మనకెందుకు బ్రో" అని పేజీ మూసేయకండి. మీరు ఎవరో ఒకరికి మామయ్యో, బాబాయో, పిన్నో, మేనత్తో అయ్యే ఉంటారు. అమ్మానాన్నల మాట వినని పిల్లలు కూడా మనల్ని మాత్రం కళ్లార్పకుండా చూస్తుంటారు.

మా అక్కావాళ్లు మేడ్చల్‌లో ఉంటారు. అక్క కొడుక్కి నాలుగేళ్లు. ఇంట్లో అందరం చిన్నోడు అంటాం, ఇక్కడా అలాగే అంటాను. పోయిన కార్తీకంలో ఒక ఆదివారం అందరం కీసరగుట్టకు వెళ్లాం. అవుటర్ ఎక్కితే మేడ్చల్ తర్వాత శామీర్‌పేట, ఆ తర్వాత కీసర, పెద్ద దూరమేం కాదు. రామలింగేశ్వరస్వామి దర్శనం బాగా అయ్యింది. గుట్ట మీద ఆరుబయట ఉన్న శివలింగాలకు ఒక్కొక్కదానికీ చిన్నోడు దండం పెడుతూ తిరిగాడు. కోతులకు నేనూ వాడూ అరటిపండ్లు పెట్టాం. తర్వాత చెట్టు కింద కూర్చుంటే అక్క డబ్బా మూత తీసింది. పులిహోర. నేను మంచి ఆకలి మీదున్నాను. ఒక ముద్ద నేను తిని, ఇంకో ముద్ద వాడి నోటికి అందించబోయాను.

"చిన్నోడా, చేతులు కడుక్కున్నవా?" అని అక్క అడిగింది.

వాడు అక్క వైపు చూడలేదు. నా చెయ్యి వైపు చూశాడు. "మామా, నువ్వు కడుక్కోలే కదా!"

అందరం నవ్వాం. "దేవుడి దగ్గర ఏం కాదులే" అన్నాను నేను. ఆ ముద్ద వాడికి పెట్టేశాను.

రెండు రోజుల తర్వాత రాత్రి వాడికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. తెల్లారేసరికి కళ్లు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. ఆసుపత్రిలో రెండు రోజులు ఉన్నాం. నువ్వు పెట్టిన ముద్ద వల్లే అని డాక్టర్ అనలేదు. ఏ నీళ్ల వల్లో, ఏ తిండి వల్లో తేల్చి చెప్పడం కష్టమన్నారు. అయినా సెలైన్ ఎక్కుతున్న ఆ చిన్న చెయ్యి పక్కన రాత్రంతా కూర్చున్నాక, నన్ను నేను సమాధానపరచుకోవడానికి ఆ మాట సరిపోలేదు.

డాక్టర్ మొదట అడిగింది టీకాల కార్డు. అక్క చూపించింది. రోటా చుక్కలు మూడు డోసులూ పడ్డాయి. "మరి విరేచనాలు ఎందుకొచ్చాయి సార్" అని నేనే అడిగాను. "అది ఒక్క వైరస్‌కే బాబూ. మిగతావాటికి సబ్బు, మంచినీళ్లే" అన్నారు.

ఆ చుక్కల సంగతి మీకు చెప్పాలి, ఎందుకంటే అది మన పక్కూరి కథ. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద కొంచెం ముందుకు పోతే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు పెద్ద కారణం రోటా వైరస్. దానికి మన దేశంలో తయారైన మొదటి టీకా రోటావాక్, అక్కడి భారత్ బయోటెక్ చేసింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఒక పసిబిడ్డ దగ్గర దొరికిన వైరస్ రకం నుంచి మొదలుపెట్టి ఏళ్ల తరబడి పనిచేస్తే, 2015 మార్చి 9న అది విడుదలైంది. పుట్టిన 6, 10, 14 వారాలకు నోట్లో వేస్తారు. ఎంతమంది శాస్త్రవేత్తల తపస్సో అది. ఆ తపస్సంతా మా మేడ్చల్ ఇంటికి అరగంట దూరంలో జరిగితే, నేను మాత్రం కోతులను ముట్టుకున్న చేత్తో ముద్ద పెట్టాను.

డాక్టర్ నేర్పిన ఇంకో విషయం కూడా చెప్పి ముందుకు వెళ్తాను. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి ఒక లీటర్ మంచినీళ్లలో కలపాలి. మనమేమో గ్లాసుకు చిటికెడు చొప్పున అంచనాగా కలుపుతాం, అలా చేస్తే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి. "విరేచనాలప్పుడు తిండి మాన్పించాలి" అని మా అమ్మ అంటే, ఆపొద్దు, తినగలిగినంత పెట్టండి అన్నారు. 14 రోజులు వాడమని జింక్ రాసిచ్చారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వస్తే, సెలైన్ సీసాలు చాలని చోట డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు చక్కెర నీళ్లతోనే ఎంతోమందిని బతికించారు. ఆయనకు 2023లో పద్మవిభూషణ్ వచ్చింది, అప్పటికే ఆయన లేరు.

ఇప్పుడు నేనన్న ఆ మాట దగ్గరికి వస్తాను. "దేవుడి దగ్గర ఏం కాదులే."

ఇది భక్తి కాదండీ. బద్ధకం. దానికి భక్తి చొక్కా తొడిగాను, అంతే. గుడికి పోతే మనం మొదట చేసేదేంటి? కాళ్లు చేతులు కడుక్కుంటాం. గుడి ముందు కుళాయి పెట్టింది అందుకే. దేవుడి దగ్గరికి శుభ్రంగా పోయినవాణ్ణి, దేవుడి దగ్గర నుంచి బయటికి రాగానే శుభ్రం అక్కర్లేదనుకున్నాను. పతంజలి మహర్షి యోగసూత్రాల్లో ఐదు నియమాలు చెబితే అందులో మొదటిది శౌచం. సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వర ప్రణిధానం అన్నీ దాని తర్వాతే. ఈశ్వరుడికి అంతా అర్పించడం ఐదోది, ఒళ్లు శుభ్రంగా ఉంచుకోవడం మొదటిది. నేను ఒకటో మెట్టు వదిలేసి ఐదో మెట్టు మీద నిలబడ్డానని అనుకున్నాను.

గీత పదమూడో అధ్యాయంలో కృష్ణుడు జ్ఞానం అంటే ఏమిటో చెబుతూ కొన్ని గుణాల వరుస చెబుతాడు. అందులో గురువును సేవించడం తర్వాత శౌచం వస్తుంది, దాని పక్కనే స్థైర్యం. శౌచం అంటే మట్టితో, నీళ్లతో ఒంటి మురికి కడుక్కోవడం, లోపల రాగద్వేషాల మురికి కడుక్కోవడం రెండూ అని శంకరాచార్యులు భాష్యంలో వివరించారు. బయటి శుభ్రం చిన్న విషయమని ఆయన కొట్టిపారేయలేదు, దాన్నే మొదట చెప్పారు. ఇక స్థైర్యం పక్కనే ఎందుకుందో నాకు చిన్నోణ్ణి చూశాక ఒక అర్థం తోచింది. ఒకరోజు చేతులు కడుక్కోవడం ఎవరైనా చేస్తారు. వాన పడ్డా, ఆకలేసినా, ఎవరూ చూడకపోయినా రోజూ కడుక్కోవడం కష్టం. పండితులు ఆ మాటకు ఇంకా లోతైన అర్థం చెబుతారు, నాది మేనమామ అర్థం.

సరే, పిల్లలకు ఇది ఎలా నేర్పాలి? నేను ఆసుపత్రి నుంచి వచ్చాక వారం రోజులు చేసింది లెక్చర్లు ఇవ్వడం. క్రిములంటే ఇలా ఉంటాయి, కడుపులోకి పోతే ఇలా అవుతుంది అని ల్యాప్‌టాప్‌లో బొమ్మలు కూడా చూపించాను. వాడు భయపడ్డాడు. చేతులు మాత్రం కడుక్కోలేదు. అప్పుడు మళ్లీ భాగవతం తెరిచాను.

దశమ స్కంధం పదకొండో అధ్యాయం. కృష్ణుడు, బలరాముడు నది ఒడ్డున ఆటలో మునిగిపోయారు. మొదట రోహిణీదేవి పిలుస్తుంది. రారు. పిలిచిన తల్లి మాట వినకుండా ఆడుకుంటూనే ఉన్నది ఎవరనుకున్నారు, సాక్షాత్తూ పరమాత్మ! అందుకని మనింట్లో పిల్లలు ఒక్క పిలుపుకు రాలేదని బాధపడక్కర్లేదు. రోహిణి యశోదను పంపుతుంది. యశోద వచ్చి ఏమంటుందో చూడండి. ఆకలితో అలసిపోయావు నాన్నా, ఆడింది చాలు, వచ్చి పాలు తాగు అంటుంది. బలరాముడితో, తమ్ముణ్ణి తీసుకుని రా, ఎప్పుడో పొద్దున తిన్నావు అంటుంది. నాన్నగారు భోజనానికి కూర్చుని మీకోసమే చూస్తున్నారు అంటుంది. ఒళ్లంతా దుమ్ము, స్నానం చెయ్యి, ఇవాళ నీ జన్మ నక్షత్రం, శుభ్రంగా తయారై గోవులను దానం ఇద్దువుగాని అంటుంది. నీ ఈడు పిల్లల్ని చూడు, వాళ్లమ్మలు స్నానం చేయించి ఎంత ముస్తాబు చేశారో అంటుంది. ఆఖరున, స్నానం చేసి, తిని, తయారై మళ్లీ ఆడుకోవచ్చు అంటుంది.

ఇందులో ఒక్క బెదిరింపు లేదు. బూచోడు లేడు, జబ్బు లేదు, ఇంజెక్షన్ లేదు. నాన్న ఎదురుచూస్తున్నాడు, తోటి పిల్లలు చేశారు, నీ చేత్తో దానం ఇవ్వాలి, తర్వాత ఆట ఉంది. స్నానానికి ముందూ వెనకా వాడికి ఇష్టమైనవి పెట్టింది. ఇంత చెప్పినా వాళ్లు కదిలారా అంటే, యశోదే వాళ్లిద్దరి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లిందని వ్యాసుల వారు రాశారు. ఈ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. విశ్వమంతా కడుపులో ఉన్నవాడికి కూడా అమ్మ చెయ్యి పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. మనమేమో సోఫాలో కూర్చుని, ఫోన్ చూస్తూ, "పో, చేతులు కడుక్కో పో" అంటాం.

ఆ రోజు సాయంత్రం వాడి చెయ్యి పట్టుకుని వాష్‌బేసిన్ దగ్గరికి తీసుకెళ్లాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. వాడికి కుళాయి అందదు! మునివేళ్ల మీద నిలబడి, గడ్డం బేసిన్‌కి ఆనించినా వేలి కొస మాత్రమే తగులుతోంది. సబ్బు ఇంకా పైన, అద్దం కింద అరలో. ఇన్నాళ్లూ వాడు మొండి అనుకున్నాం. ఇల్లంతా ఐదున్నర అడుగుల మనుషుల కోసం కట్టుకుని, మూడడుగుల వాణ్ణి అలవాట్లు లేవని తిట్టాం. అమ్మ పాత పీట ఒకటి స్టోర్‌రూమ్‌లో ఉంది, మా తాతయ్య సంధ్యావందనానికి కూర్చున్నది. అది తెచ్చి బేసిన్ కింద వేశాను. కాస్త జారుతుంటే కింద పాత గోనెపట్టా వేశాం. సబ్బు కిందికి దించాం. వాడు పీట ఎక్కి, కుళాయి తనే తిప్పి, అద్దంలో తన మొహం తను చూసుకున్నాడు. ఆ అద్దంలో వాడి మొహం అంతకుముందు ఎప్పుడూ కనపడలేదట. "మామా, నేను!" అని అరిచాడు.

ఎంతసేపు కడగాలి? సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దాలంటారు. నాలుగేళ్లవాడికి సెకన్లు తెలియవు. పదమూడక్షరాల రామ మంత్రం ఉంది కదా, అది మెల్లగా ఆరుసార్లు అంటే దాదాపు 20 సెకన్లు, స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. అరచేయి, చేతి వెనక, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్లు, మణికట్టు, చోటుకి ఒకసారి చొప్పున ఆరు. వాష్‌బేసిన్ దగ్గర మంత్రమేంటి, అపచారం కాదా అని మా పెద్దమ్మ అన్నారు. నామస్మరణకు కాల నియమం లేదని చైతన్య మహాప్రభువు శిక్షాష్టకంలోనే ఉందని చెప్పాను. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. వంటింటి కుళాయి దగ్గరైతే సరే అన్నారు. మీ ఇంటి పద్ధతి మీది.

ఒక షరతు మాత్రం పెట్టుకున్నాను. వాడు కడుక్కున్న ప్రతిసారీ పక్కన నేనూ కడుక్కోవాలి. గీత మూడో అధ్యాయంలో, పెద్దలు ఏది చేస్తే లోకం అదే చేస్తుందని కృష్ణుడు చెప్పే శ్లోకం అందరికీ తెలుసు, స్టేటస్‌లు కూడా పెట్టుకుంటాం. ఆ వెంటనే ఆయన తన సంగతి చెబుతాడు. మూడు లోకాల్లో నేను చేయాల్సిందంటూ ఏమీ లేదు, అయినా చేస్తూనే ఉన్నాను, నేను మానేస్తే మనుషులందరూ నా దారే పడతారు అని. తనకు అవసరం లేకపోయినా, చూసేవాళ్ల కోసం చేస్తున్నాడు దేవుడు. మన చేతులు శుభ్రంగానే ఉన్నా, పక్కన ఒక పిల్లాడు చూస్తుంటే కడుక్కోవాలి.

అన్నీ సాఫీగా జరగలేదు. ఒకరోజు వాడు పీట తన్నేసి, సబ్బు విసిరేసి కింద పడి దొర్లాడు. కారణం, వాడికంటే ముందు నేను చెయ్యి తడుపుకున్నాను! అప్పుడు మా అమ్మ కీసరగుట్ట స్థలపురాణం గుర్తు చేసింది. రాముడు అక్కడ శివలింగ ప్రతిష్ఠ చేయాలనుకుని హనుమంతుణ్ణి కాశీకి పంపుతాడు. ఆయన వచ్చేలోపు ముహూర్తం దాటిపోయేలా ఉంటే, శివుడే ప్రత్యక్షమై లింగం ఇస్తాడు, రాముడు ప్రతిష్ఠ చేసేస్తాడు. 101 లింగాలు మోసుకొచ్చిన హనుమంతుడికి అలక వచ్చి, వాటన్నిటినీ విసిరేస్తాడు. గుట్ట మీద చెదురుగా కనిపించే లింగాలు అవేనంటారు. రాముడు కోప్పడలేదు. ఆ గుట్టకు హనుమంతుడి తండ్రి కేసరి పేరు మీద కేసరిగిరి అని పేరు వచ్చేలా వరమిచ్చాడు, అదే కీసర అయ్యింది. అయితే ముహూర్తం మాత్రం దాటనివ్వలేదు చూడండి. అలక తీర్చడం వేరే, టైమ్ తప్పించడం వేరే. ఇప్పుడు మా ఇంట్లో చెయ్యి మొదట తడుపుకునే హక్కు చిన్నోడిది. కడుక్కోకుండా కంచం ముందు కూర్చునే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

పళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. రాత్రి పడుకునే ముందు కూడా తోమించాలి, మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు పేస్టు బఠాణీ గింజంత చాలు, బ్రష్ నిండా అక్కర్లేదు. లడ్డూ ప్రసాదం తిన్నాక నీళ్లు పుక్కిలించడం మన పాత అలవాటే, వదలకండి. నిద్ర విషయంలో మేం ఇంకా ఓడిపోతూనే ఉన్నాం. వాడి వయసుకు పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. బావ రాత్రి కాల్స్ పదకొండుకు అయిపోతాయి, ఇల్లు అప్పుడు నిద్రపోతుంది.

ఒకటి మాత్రం ఆగి చెప్పాలి. శుభ్రం నేర్పుతున్నాం అనుకుంటూ మనం ఇంకేదో నేర్పేస్తాం. అక్కావాళ్లింట్లో పనికి వచ్చే ఆంటీకి టీ ఒక స్టీలు గ్లాసులో ఇస్తారు, ఆ గ్లాసు కిటికీ దగ్గర విడిగా ఉంటుంది. చేతులు కడగడం బాగా వంటపట్టాక చిన్నోడు ఒకరోజు అడిగాడు, "ఆంటీ కూడా సబ్బుతో కడుక్కుంటది కదా, ఆమె గ్లాసు అక్కడెందుకు?" ఎవరం జవాబు చెప్పలేదు. ఆమె చేతులు మా అందరి చేతులకంటే ఎక్కువసేపు సబ్బులోనే ఉంటాయి. అది శౌచం కాదని నాకు తెలుసు, అక్కకూ తెలుసు. లోపలి మురికి అని శంకరులు అన్నది ఇదే కదా అని నేనంటే, అక్క ఏమీ అనకుండా ఆ గ్లాసు తెచ్చి మిగతా గ్లాసుల మధ్య పెట్టింది. శౌచం పేరు చెప్పి మనిషిని దూరం పెట్టడం మన పిల్లలు మన దగ్గర నేర్చుకోవద్దు. ఈ విషయంలో మీకు నాతో పేచీ ఉంటే ఉండనివ్వండి.

చివరిగా ఫోన్. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. చిన్నోడు అన్నం తినాలంటే ఫోన్‌లో వీడియో ఉండాలి. అది మొదలుపెట్టింది నేనే. ఏ వీడియో అంటే, మన ఛానెల్‌లోని హనుమంతుడి వీడియో. "కార్టూన్ కాదు కదా, దేవుడిదే కదా" అని అక్కకు చెప్పాను. మళ్లీ అదే మాట, గమనించారా? తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో అన్నం బ్రహ్మమని భృగువు మొదట తెలుసుకుంటాడు, అన్నాన్ని నిందించకూడదని వ్రతంగా చెబుతారు. ఎదురుగా ఉన్న అన్నం వైపు ఒక్కసారి కూడా చూడకుండా తినడం నింద కాదంటారా? వాడికి తాను తిన్నది పప్పో, చారో కూడా తెలియదు. కడుపు నిండిందో లేదో కూడా తెలియదు, వీడియో అయిపోతే తిండి అయిపోయినట్టు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట దాటొద్దు, తక్కువైతే ఇంకా మంచిదని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అందుకని ఒక మాట. మన ఛానెల్ వీడియో పెట్టి పిల్లలకు అన్నం తినిపించకండి. వ్యూస్ తగ్గుతాయని ఎడిటింగ్ తమ్ముడు అలిగాడు, అలగనివ్వండి. ఆ కథ మీకు వచ్చు కదా, మీరే చెబుతూ తినిపించండి.

మేం మూడు వారాలుగా ప్రయత్నిస్తున్నాం. మధ్యాహ్నం పూట ఫోన్ లేకుండా తింటున్నాడు, ఎక్కువ కింద పోస్తాడు, అయినా తన చేత్తో తింటున్నాడు. మొన్న శనివారం రాత్రి అందరం నేల మీద కూర్చుని తింటుంటే నా ఫోన్ మోగింది. ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ నాది, తీయక తప్పలేదు. ఎడమ చేత్తో ల్యాప్‌టాప్ తెరిచి, కుడి చేత్తో తింటూ పది నిమిషాలు మాట్లాడాను. కాల్ పెట్టేసి చూస్తే చిన్నోడు తినడం ఆపేసి, ముద్ద చేతిలో పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"అయిపోయిందా మామా? ఇప్పుడు నాకు ఇయ్యి."

ఆ రాత్రి వాడికి ఏం చెప్పాలో తెలియలేదు. ఫోన్ పక్క గదిలో పెట్టి వచ్చి, లంక దాకా హనుమంతుడి కథ చెప్పాను. కథ సగంలో ఉండగా చల్లారిపోయిన పప్పన్నం తినేశాడు.

వచ్చే వారం వీడియోలో కలుద్దాం. జై శ్రీరామ్.